సకినాలకు పేరెందుకు? లూజుగా అమ్మితే మేలా, వేరేవాళ్ల కవర్లో అమ్మితే మేలా, మన పేరు మీదనా?

దేవరకొండ నుంచి మా పెద్దమ్మ కూతురు పోయిన వారం ఫోన్ చేసింది. ఇంట్లో నలుగురు ఆడవాళ్లు కలిసి అప్పాలు చేస్తున్నారు. సకినాలు, చెక్క గారెలు, గరిజెలు, నువ్వుల లడ్డూలు. సంక్రాంతికి, పెళ్లిళ్ల సీజన్‌కి చేతి నిండా పని. హైదరాబాద్‌లో ఒక షాపాయన నెలనెలా ఖాయంగా తీసుకుంటానన్నాడట, కాకపోతే కవర్ మీద ఆయన షాపు పేరే ఉంటుంది. ఇటు చూస్తే కొడుకేమో మనమే ఒక పేరు పెట్టుకుందాం, లోగో చేయిద్దాం అని పట్టుబట్టాడు. "లోగోకి పదిహేను వేలు అడుగుతున్నరు తమ్మీ, ఆ పైసలతోని నూనె డబ్బాలు వస్తయి గదా, ఏది మంచిదో నువ్వే చెప్పు" అంది.

ఫోన్లో సగమే చెప్పగలిగాను. ఇదే ప్రశ్న నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు చిన్నగా పని మొదలుపెట్టిన చాలామందికి ఉంది కాబట్టి మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మ, చిన్నమ్మ నల్లగొండలో తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నారు, లెక్కలు, డెలివరీ నేను చూసుకుంటాను. అక్క ముందున్న మూడు దారుల్లోనూ మేం నడిచాం.

మొదటిది, పేరూ బోర్డూ ఏదీ లేకుండా ఇంటి దగ్గరే ఆర్డర్ల మీద అమ్మడం. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం. రామగిరిలో మా గల్లీ వాళ్లకు మా అమ్మ ముఖమే బ్రాండ్. స్టిక్కర్ ఖర్చు లేదు, అప్పు పెట్టేవాళ్లు తక్కువ, పైసలు అప్పటికప్పుడు చేతికొస్తాయి. అన్నిటికంటే పెద్ద లాభం, తప్పు జరిగితే తెల్లారేసరికి తెలిసిపోతుంది. "ఈసారి ఓమ ఎక్కువేసినవ్ వదినె" అని గేటు దగ్గరే చెప్పి పోతారు, మర్నాటి పిండిలో సరిచేసుకోవచ్చు. ఇలా ఊళ్లో నెలకు యాభై, అరవై కిలోలు పోతూ, ఇంటికి అంతే చాలనుకుంటే, పేరు కోసం రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దని చెప్తాను.

చిక్కు ఎక్కడంటే, ఆ ముఖం మన గల్లీ దాటి పోలేదు. మా పక్కింటామె రెండు కిలోల సకినాలు తీసుకుని కూకట్‌పల్లిలో ఉన్న బిడ్డకు పంపింది. ఆ అమ్మాయి అపార్ట్‌మెంట్‌లో నలుగురికి పెట్టింది, అందరికీ నచ్చాయి, ఎక్కడివని అడిగారు. ఆమె చెప్పగలిగింది ఒక్కటే, "మా నల్లగొండలో ఎవరో చేస్తారు." అంతే, అక్కడితో ఆగిపోయింది. నలుగురు కొనేవాళ్లు మన సరుకు తిని, బాగుందని, మళ్లీ కావాలనుకుని కూడా మన దాకా రాలేకపోయారు, ఎందుకంటే ఆ తెల్ల కవర్ మీద ఒక్క అక్షరం లేదు.

మన బత్తాయిని చూడండి. నల్లగొండ బత్తాయి లారీల్లో ఢిల్లీ దాకా పోతుంది. అక్కడ అది మోసంబి. రసం తాగినవాడికి అది ఏ జిల్లాదో, ఏ రైతు చెట్టుదో తెలియదు, అందుకే రైతు ఎంత మంచి కాయ పండించినా ఆ రోజు మార్కెట్ రేటే గతి.

రెండో దారి, వేరేవాళ్ల కవర్. ఇందులో మేం ఐదేళ్లు ఉన్నాం. హైదరాబాద్‌లో ఒక షాపుకు (పేరు చెప్పను) వారానికి రెండుసార్లు, పది కిలోల సంచుల్లో పంపేవాళ్లం, వాళ్లు పావు కిలో, అర కిలో ప్యాకెట్లు కట్టి వాళ్ల పేరు అంటించేవాళ్లు. మాకు కిలోకు 220 ఇచ్చేవాళ్లు, షాపులో 360కి అమ్మేవాళ్లు. ఆ తేడా మీద నాకు పెద్ద బాధ లేదు. అద్దె వాళ్లది, కరెంటు వాళ్లది, మిగిలిపోతే నష్టం వాళ్లది. ఖాయమైన ఆర్డర్ వల్లే మేం పెద్ద పొయ్యి కొన్నాం, ఇద్దరు ఆడవాళ్లను పనికి పెట్టుకున్నాం, బియ్యం, నువ్వులు ఒకేసారి ఎక్కువ తీసుకోవడం వల్ల రేటు కలిసొచ్చింది. మొదలుపెట్టే వాళ్లకు ఇది నిజంగా ఆసరా.

కానీ ఒక వానాకాలంలో ఒక విడత సరుకు మెత్తబడింది. సకినాలు తడి పిండితో చేసేవి, గుడ్డ మీద చుట్టాక సరిగ్గా ఆరకుండా నూనెలో వేస్తే పైకి వేగినట్టే ఉండి లోపల తడి ఉండిపోతుంది. తప్పు మాదే. అయితే ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. తిన్నవాళ్లు షాపులో చెప్పారు, షాపువాళ్లు మాతో ఒక్క మాట అనకుండా వేరేవాళ్ల దగ్గర తెప్పించుకోవడం మొదలుపెట్టారు, వారానికి రెండుసార్లు వచ్చే ఆర్డర్ ఒకసారికి తగ్గింది, తర్వాత పండుగలకే పరిమితమైంది, ఆ తర్వాత ఫోనే లేదు. ఐదేళ్లు మా అమ్మ చేతి సకినాలు తిన్న వందలాది ఇళ్లలో ఒక్కరికీ సరుకు మారిందని తెలియలేదు. వాళ్లకు తెలిసింది కవర్ మీది పేరు ఒక్కటే. అది అలాగే ఉంది. మా అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పోయిన పైసల కంటే, మమ్మల్ని అడిగేవాళ్లే లేకపోవడం ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఆ తర్వాతే మూడో దారి పట్టాం, మా పేరు మీద. దీని గురించి రెండు మాటలు ఎక్కువే చెప్తాను, ఎందుకంటే భయాలన్నీ దీని చుట్టే ఉన్నాయి.

మొదటి భయం ఖర్చు. బ్రాండ్ అనగానే లోగో, షూటింగ్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ అనుకుంటారు. మేం మొదట చేసింది తెల్ల స్టిక్కర్ మీద నల్ల అక్షరాలు, అంతే. ప్యాక్ చేసి అమ్మాలంటే కవర్ మీద తయారుచేసిన వాళ్ల పేరు, చిరునామా, బరువు, ధర, తయారైన నెల, ఫిర్యాదుకు నంబర్ ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ఎలాగూ అడుగుతాయి. తినే సరుకు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబర్, వేసిన పదార్థాల వివరం, శాకాహారమని పచ్చ చుక్క కూడా తప్పవు. అంటే చట్టం ప్రకారం సక్రమంగా ప్యాక్ చేస్తేనే బ్రాండ్‌కి కావలసిన దాంట్లో ముప్పాతిక వంతు అయిపోయినట్టు. పైన పెద్దక్షరాల్లో గుర్తుండే ఒక మాట, అన్ని ప్యాకెట్ల మీదా ఒకే రంగులో, ఒకే చోట ఉంటే చాలు. అక్కా, ఆ పదిహేను వేలు ఇప్పుడే ఇవ్వకు. ఆ పైసలతో మంచి సీలింగ్ మిషన్ కొను, గాలి చొరబడితే ఎంత మంచి పేరైనా నాలుగు రోజులకే మెత్తబడుతుంది.

రెండో భయం పన్ను. ప్యాక్ చేసి పేరు పెడితే జీఎస్టీ మోత అని మాకూ చాలామంది చెప్పారు. లూజుగా అమ్మే నమ్కీన్ మీద 5 శాతం, ప్యాక్ చేసి లేబుల్ వేసినదాని మీద 12 శాతం ఉన్న రోజుల్లో ఆ మాటలో నిజం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ 12 కూడా 5కే దిగింది కాబట్టి, పేరు పెట్టినందుకు ఎక్కువ పన్ను అన్న లెక్క ఇప్పుడు లేదు. టర్నోవర్ పరిమితి లోపల ఉన్నవాళ్లకు అసలు ఆ రిజిస్ట్రేషనే అక్కర్లేదు.

మూడోది భయం కాదు, నిజమైన బరువు. పేరుంటే తిట్లు కూడా మన ఇంటికే వస్తాయి. సొంత పేరు పెట్టిన రెండో ఏడాది గరిజెల్లో కొబ్బరి ముక్కవాసన వచ్చింది. ప్యాకెట్ మీద నంబర్ చూసి మిర్యాలగూడ నుంచి ఒకావిడ ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడింది. ప్యాకెట్ మీది తేదీ అడిగితే ఏ రోజు చేసినవో తెలిసింది, ఆ రోజు సరుకు పోయిన మూడు దుకాణాలకు ఫోన్ చేసి పద్నాలుగు ప్యాకెట్లు వెనక్కి తెప్పించాం, ఆమెకు కొత్తవి పంపాం. ఆమె ఇప్పటికీ మా దగ్గరే కొంటోంది. షాపు కవర్లో పోయినప్పుడు జరిగిన తప్పూ ఇలాంటిదే కదా. అప్పుడు ఎందుకు పోయిందో తెలియకుండానే వ్యాపారం పోయింది, ఇప్పుడు పద్నాలుగు ప్యాకెట్ల నష్టంతో తేలిపోయింది. నన్నడిగితే పేరు వల్ల ఉన్న అసలు లాభం ఇదే. కొన్నవాళ్లు మెచ్చుకోవాలన్నా, తిట్టాలన్నా మన ఇంటికి దారి తెలియాలి.

ఇక పేరేం పెట్టాలన్న దగ్గర చాలామంది పొరపాటు పడతారు. మన వైపు ఏ టౌన్‌లో చూసినా అప్పాల దుకాణం బోర్డు మీద "స్వగృహ ఫుడ్స్" అని ఉంటుంది, ఒకే రోడ్డు మీద మూడు ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. ఆ మాట వింటే ఇంటి వంట అని అర్థమవుతుంది గానీ ఏ ఇల్లో అర్థం కాదు. మీ సకినాలు నచ్చినవాడు పక్క స్వగృహలోకి పోయి కొనుక్కుంటాడు, మీరు తెచ్చిన పేరు వాళ్లకు పోతుంది. "రుచికరమైన సకినాలు" లాంటి వర్ణన మాటలకు ట్రేడ్‌మార్క్, అంటే ఆ పేరు మనదేనన్న రిజిస్ట్రేషన్, దొరకడం కష్టం, చట్టమే వాటిని అందరివిగా చూస్తుంది. "దేవరకొండ సకినాలు" అన్నా అంతే, ఊరి పేరు ఒక్కరి సొత్తు కాదు. నానమ్మ పేరో, ఇంటి పేరో, ఇంట్లో పిలుచుకునే ముద్దు పేరో, ఎవరూ వాడనిది చూసుకోవాలి. ట్రేడ్‌మార్క్ సైట్‌లో ఉచితంగా వెతికి చూసుకోవచ్చు, అక్కడ సరుకులను క్లాసులుగా విడగొట్టారు, మన సరుకు వచ్చేది 30వ క్లాసులో. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ ఫీజు ఒక్కో క్లాసుకు 4,500, ఒకసారి వస్తే పదేళ్లు, ఆపైన రెన్యువల్. దరఖాస్తు పెట్టకముందు కూడా పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. గుండ్రటి గీతలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ చేతికొచ్చాకే, ముందే వేస్తే నేరం.

ఊరి పేరు అన్నాను కాబట్టి దాని గురించీ చెప్పాలి, ఎందుకంటే "మనం పోచంపల్లి లాగా అందరికీ కలిపి ఒకటే పేరు తెచ్చుకోవచ్చు గదా" అని అక్క కూడా అడిగింది. పోచంపల్లి ఇక్కత్, గద్వాల చీర, నారాయణపేట చీర, 2020లో పుట్టపాక తేలియా రుమాల్, 2022లో తాండూరు కంది, వీటన్నిటికీ జీఐ ఉంది, అంటే ఇది ఆ ఊరి సరుకే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. మన దక్షిణ తెలంగాణకు ఇది ఆస్తి. ఊరు మొత్తానికి అండ, బయటివాడు ఆ పేరుతో నకిలీ అమ్మితే అడిగే హక్కు. కానీ అది తరాల నుంచి ఆ నేలకో, ఆ చేతిపనికో వచ్చిన గుణానికి ఇచ్చేది, ఒక గుంపుగా రుజువులతో తెచ్చుకోవాల్సింది, నలుగురు ఆడవాళ్లు ఈ సంక్రాంతికి తెచ్చుకోగలిగేది కాదు. పైగా జీఐ ఉన్న చోట కూడా సొంత పేరు అవసరం తీరదు. పోచంపల్లిలో ఒక మగ్గం మీద చిక్కటి నేత, ఇంకో మగ్గం మీద పలచటి నేత, రెండిటికీ జీఐ ఒకటే. నాలుగేళ్లకు కూడా రంగు పోని చీర నేసిన ఇంటికి మళ్లీ పోవాలంటే కొన్నావిడకు ఆ ఇంటి పేరు తెలిసి ఉండాలి. జీఐ ఊరిని గుర్తు చేస్తుంది, మనిషిని గుర్తు చేసేది మన పేరే.

అక్కకు చివరికి నేను చెప్పింది ఇది. షాపాయనను వదులుకోకు, ఆ ఖాయమైన పైసలతోనే పొయ్యి ఆరకుండా ఉంటుంది. కానీ చేసే దాంట్లో మూడో వంతు దాటి ఆయనకు ఇవ్వకు. ఊళ్లో ముఖం చూసి కొనేవాళ్లకు లూజుగానే ఇవ్వు, సంచిలో మాత్రం నీ పేరున్న చిన్న చీటీ ఒకటి వెయ్యి. దేవరకొండ దాటి పోయే ప్రతి ప్యాకెట్ నీ పేరుతోనే పోవాలి, అది బస్సులో కొడుకు దగ్గరికి పోయే పావు కిలో అయినా సరే.

నిన్న మళ్లీ ఫోన్ చేసింది. మూడు పేర్లు అనుకుంటే ఒకటి అప్పటికే వేరేవాళ్లు తీసుకున్నారట, మిగతా రెండింట్లో వాళ్ల నానమ్మ పేరు ఖాయం చేశారు. షాపాయనకు నెలకు నలభై కిలోలు మాత్రమే అని చెప్పేసింది, ఆయన సరేనన్నాడు. ఒక్కటే ఇంకా తేలలేదు. కవర్ మీద ఫోన్ నంబర్ తనదే ఉండాలని కొడుకు అంటున్నాడు, కస్టమర్లతో తానైతే బాగా మాట్లాడతానట. "పిండి కలిపేది నేను, ఉప్పు చూసేది నేను, ఎవరన్నా ఏమన్నా అంటే నాకే తెలియాలె గదా తమ్మీ" అంటోంది అక్క. అక్క నంబరే ఉండాలి.