అత్యవసర విభాగంలో యురేటర్ స్కానింగ్: సేవ మెచ్చదగినది, రిపోర్టు మెరుగుపడాలి

నడుము పక్కన మొదలై గజ్జల్లోకి దిగే తీవ్రమైన నొప్పితో, కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రాన్ని చేర్చే నాళమైన యురేటర్‌లో రాయి ఇరుక్కుందేమోనన్న అనుమానంతో వచ్చిన రోగికి ఏ పరీక్ష ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి, ఏది అసలే అక్కర్లేదు అన్న నిర్ణయంలోనే అత్యవసర స్కానింగ్ సేవ నాణ్యత తెలుస్తుంది. అరవై దాటిన మా బాబాయికి అటువంటి నొప్పి మొదటిసారి వచ్చినప్పుడు మేము వెళ్లిన ఆసుపత్రి రేడియాలజీ విభాగం ఈ నిర్ణయాలను ఎంతో వివేకంతో తీసుకుంది. అయితే చూసినదాన్ని కాగితం మీద పెట్టడంలో అంత శ్రద్ధ కనిపించలేదు. ఆసుపత్రి పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పదలచిన మంచి చెడులు రెండూ ఎక్కడైనా ఎదురయ్యేవే.

స్కానింగ్ గదికి తీసుకువెళ్లక ముందే నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇచ్చి, జ్వరం, చలి ఉన్నాయా, రెండు కిడ్నీలూ పనిచేస్తున్నాయా అని అడిగి, మూత్రపరీక్షకూ, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షకూ నమూనాలు పంపారు. జ్వరం గురించి డ్యూటీ డాక్టరు రెండుసార్లు అడగడం నాకు నచ్చింది. రాయి అడ్డుపడిన నాళం వెనుక నిలిచిన మూత్రానికి ఇన్ఫెక్షన్ సోకితే రాయి తీయడం తరువాతి మాట. ముందుగా నాళంలో స్టెంటు అనే సన్నని గొట్టం వేసి గానీ, వీపు వైపు నుంచి కిడ్నీలోకి గొట్టం పంపి గానీ ఆ మూత్రాన్ని బయటికి వదిలేయాలి, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మూత్రంలో రక్తం కనిపించకపోయినా రాయి ఉండవచ్చని కూడా ఆయనే చెప్పారు.

మొదటి పరీక్ష మంచం దగ్గరే చేసిన అల్ట్రాసౌండ్. అందులో ఎడమ కిడ్నీకి కొద్దిపాటి వాపు కనిపించింది. అక్కడితో ఆగకుండా ఆ డాక్టరు పొట్ట మధ్యలో ప్రోబ్ పెట్టి పెద్ద ధమని వెడల్పు కూడా కొలిచారు. వయసు పైబడినవారిలో ఆ ధమని ఉబ్బి చిట్లినప్పుడు వచ్చే నొప్పి అచ్చం కిడ్నీ రాయి నొప్పిలాగే ఉండి వైద్యులను సైతం తప్పుదారి పట్టించగలదు. ఇంతటి ముందుచూపు గల సేవకు ఎంత మెచ్చుకోలు ఇచ్చినా తక్కువే. యురేటర్ దాదాపు 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుండే సన్నని నాళం కాగా, దాని మధ్యభాగాన్ని పేగుల్లోని గాలి కప్పేయడం వల్ల అల్ట్రాసౌండ్‌లో అక్కడి రాళ్లు తరచుగా కనబడవు. అయినా ముందు అల్ట్రాసౌండ్ చేయడం వృథా కాదు. అమెరికాలోని 15 అత్యవసర విభాగాల్లో 2,759 మంది రోగులపై జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టినవారికి తీవ్రమైన చిక్కులు పెరగలేదని, రేడియేషన్ మాత్రం తగ్గిందని తేలింది. వారిలో కొందరికి తరువాత సీటీ అవసరమైంది.

బాబాయి వయసు దృష్ట్యా, ఇది మొదటిసారి కావడం వల్ల సీటీ కూడా తీశారు. చిత్రం స్పష్టంగా రావడానికి రక్తంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు వాడలేదు, తక్కువ డోసు పద్ధతిని వాడారు. మామూలు పొట్ట సీటీకి 10 మిల్లీసీవర్టుల (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) దాకా పడే రేడియేషన్ ఈ పద్ధతిలో 3, 4 దగ్గరే ఆగుతుంది, రాయిని పట్టుకునే శక్తి మాత్రం పెద్దగా తగ్గదు. రేడియాలజిస్టు తెర మీద ఒక్కొక్క స్లైసునూ కిందికి జరుపుతూ, నాళం మూత్రాశయంలోకి చేరే చోట, అంటే రాళ్లు ఇరుక్కునే మూడు ఇరుకుల్లో చివరిదాని దగ్గర, తెల్లటి చుక్కను చూపించారు. దాని చుట్టూ ఉబ్బిన నాళపు గోడ సన్నని బూడిదరంగు ఉంగరంలా ఉంది. కొంచెం పక్కనే మరో తెల్లటి చుక్క ఉన్నా దానికి ఆ ఉంగరం లేదు. అది సిరలో గట్టిపడిన సున్నమే తప్ప రాయి కాదన్నారు. తరువాత బాబాయిని బోర్లా పడుకోబెట్టి ఆ భాగం వరకే మళ్లీ తీశారు. రాయి అప్పటికే మూత్రాశయంలో పడి ఉంటే బోర్లా తిరిగినప్పుడు ముందుకు జారుతుంది. అది కదలలేదు కాబట్టి ఇంకా నాళంలోనే ఇరుక్కుని ఉందని తేలింది.

తెర మీద ఇంత స్పష్టంగా చూసినవారే చేతికిచ్చిన రిపోర్టులో "యురేటర్ కింది భాగంలో చిన్న రాయి" అని మాత్రమే రాశారు. ఎన్ని మిల్లీమీటర్లన్నది లేకుండా ఆ మాటకు విలువెంత? 5 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉన్న రాళ్లలో ఎక్కువభాగం వాటంతటవే పడిపోతాయి, 10 దాటితే ఆ ఆశ చాలా తక్కువ. చికిత్స అంతా ఆ అంకె మీదే నడుస్తుంది. అడిగిన తరువాత 4 మిల్లీమీటర్లు అని చేర్చారు. రాయి సాంద్రత, సీటీకి ముందు తీసే ఎక్స్‌రే వంటి చిత్రంలో అది కనిపించిందా లేదా అన్నవి అప్పటికీ చేర్చలేదు. యూరిక్ ఆసిడ్ రాళ్లు మామూలు ఎక్స్‌రేలో కనిపించవు కనుక, తరువాతి పరీక్షలకు ఎక్స్‌రే సరిపోతుందా, మళ్లీ సీటీ కావాలా అన్నది ఆ ఒక్క వాక్యంతో తేలిపోయేది. చిత్రాల సీడీ కోసం కూడా మేమే పట్టుబట్టాల్సి వచ్చింది.

గర్భిణులకు ముందు అల్ట్రాసౌండ్, అవసరమైతే కాంట్రాస్ట్ లేని ఎంఆర్ఐ చేస్తామని వారు పెట్టిన బోర్డు సరైనదే. ప్రమాదంలో నాళం తెగిందన్న అనుమానం ఉన్నవారికి మాత్రం ఈ కాంట్రాస్ట్ లేని సీటీ చాలదు. మందు ఎక్కించి, అది మూత్రంలోకి దిగే దాకా ఆగి మళ్లీ చిత్రాలు తీయాలి.

ఇంటికి పంపేటప్పుడు నొప్పి పోయినంత మాత్రాన రాయి పడిపోయినట్టు కాదని గట్టిగా చెప్పాలి, అది వీరు చెప్పలేదు. నొప్పి లేకుండానే అడ్డంకి కొనసాగి కిడ్నీ దెబ్బతినే అవకాశం ఉంది. మా కుటుంబ వైద్యురాలు చెప్పబట్టి అక్కడే మళ్లీ అల్ట్రాసౌండ్ చేయించాము. వాపు పూర్తిగా తగ్గిందని, నాళం నుంచి మూత్రం మూత్రాశయంలోకి చిమ్మడం రెండు వైపులా కనిపించిందని ఈసారి రిపోర్టులో వివరంగా రాశారు.