ఇంటర్మీడియట్ స్టీరింగ్ షాఫ్ట్: గ్రీజు పెట్టాలా, మార్చాలా? మారిస్తే ఏది మేలు?

"స్టీరింగ్ తిప్పుతుంటే టక్కుమంటోంది, గ్రీజు పెట్టేస్తే పోదా?" అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. పోదు అంటే వెంటనే రెండో ప్రశ్న: స్క్రాప్‌లో దొరికింది వేసుకోవచ్చా, బయటి కంపెనీది కొనాలా, ఒరిజినలే కావాలా? విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకేచోట పెడుతున్నాను. ఇంటర్మీడియట్ షాఫ్ట్ అంటే స్టీరింగ్ చక్రం కింది కాలమ్‌ను, టైర్లను మళ్లించే ర్యాక్‌తో కలిపే కడ్డీ. కారును ఒట్టి జాకీ మీద వదిలేయకుండా స్టాండ్ల మీద నిలబెట్టడం, పానాలు పట్టడం తెలిసినవాళ్లకే ఇది.

ముందు ఒక మాట. షాఫ్ట్ కొనే ముందు శబ్దం షాఫ్ట్‌దేనని తేల్చుకోండి. ఇంజిన్ ఆపి, ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా ఊపుతుంటే, ఇంకొకరు షాఫ్ట్ జాయింట్ల మీద చెయ్యి వేసి చూడాలి. టక్కుమనడం వేళ్లకు తెలుస్తుంది. షాఫ్ట్ దగ్గర ఏమీ తెలియకపోతే టై రాడ్ ఎండ్లు, ర్యాక్ బుష్‌లు, స్ట్రట్ మౌంట్ ఒక్కొక్కటిగా చూడాలి. కాలమ్ మీదే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటార్ ఉండే కొన్ని హ్యుందాయ్, కియా కార్లలో మోటార్ దగ్గరి చిన్న ఫ్లెక్సిబుల్ కప్లింగ్ అరిగి అచ్చం ఇలాంటి శబ్దమే చేస్తుంది. ఆ కార్లలో షాఫ్ట్ మార్చి, శబ్దం అలాగే ఉందని తల పట్టుకున్నవాళ్లు చాలామంది.

శబ్దం షాఫ్ట్‌దే అని తేలాక, షాఫ్ట్‌లో ఎక్కడ అన్నది చూడాలి. షాఫ్ట్ మధ్యలో ఒక గొట్టం ఇంకో గొట్టంలోకి జారే భాగం ఉంటుంది. బాడీ కదలికను అది తట్టుకుంటుంది, ముందు నుంచి గుద్దుకున్నప్పుడు లోపలికి ముడుచుకుపోతుంది. చివర్లలో యూనివర్సల్ జాయింట్లు, అంటే వంగి ఉన్నా తిప్పుడును అవతలికి అందించే జాయింట్లు, ఉంటాయి. జారే భాగంలో స్ప్లైన్లు (ఒకదాన్నొకటి పట్టుకునే పొడవాటి పళ్లు) అరిగితే, గతుకుల్లో, నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు టక్కు వినిపిస్తుంది. జాయింటులో బేరింగులు లూజైతే స్టీరింగ్ దిశ మార్చిన ప్రతిసారీ ఖాళీ తెలుస్తుంది. జాయింటు తుప్పు పట్టి బిగుసుకుపోతే లక్షణాలే వేరు. స్టీరింగ్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు బిగుసుకుని రెండుసార్లు వదులవుతుంది, మలుపు తర్వాత తనంతట తాను మధ్యకు రాదు.

గ్రీజు పనిచేసేది మొదటి రకానికే. అది కూడా కొంతకాలం. 2000 దశకంలో జనరల్ మోటార్స్ పికప్‌లలో, పెద్ద ఎస్‌యూవీలలో ఈ టక్కు బాగా పేరుపడింది. కంపెనీ మొదట డీలర్లకు గ్రీజు కిట్ ఇచ్చి, జారే భాగంలోకి గ్రీజు ఎక్కించి షాఫ్ట్‌ను లోపలికీ బయటికీ పలుమార్లు ఆడించమంది. చాలామందికి శబ్దం పోయింది, కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. చివరికి డిజైన్ మార్చిన షాఫ్ట్ తెచ్చారు. అరిగిన స్ప్లైన్ల మధ్య ఖాళీని గ్రీజు నింపుతుందే తప్ప అరిగిన లోహాన్ని తిరిగి తేలేదు. జాయింటు బేరింగులు అరిగినా, బిగుసుకున్నా దానివల్ల ఒరిగేదేమీ లేదు. తుప్పు వదిలించే స్ప్రే కొడితే ఆ రోజుకు హాయిగా ఉంటుంది, కానీ జాయింటులో మిగిలిన ఆ కాస్త గ్రీజూ దాంతో కడుక్కుపోతుంది.

అయినా గ్రీజు వద్దనడానికి నా అసలు కారణం ఇది కాదు. చాలా కార్లలో షాఫ్ట్ విప్పకుండా జారే భాగంలోకి గ్రీజు సరిగా వెళ్లదు. ఎంతో కొంత విప్పాల్సిందే. ఈ పనిలో ప్రమాదమంతా ఆ విప్పడంలోనే ఉంది. ఏ పార్టు వేసినా, ఏమీ వేయకుండా గ్రీజే పెట్టినా, విప్పిన ప్రతిసారీ అదే ప్రమాదం. నా లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

ఆ ప్రమాదంలో మొదటిది క్లాక్ స్ప్రింగ్. స్టీరింగ్ చక్రం వెనక చుట్ట చుట్టుకుని, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే రిబ్బన్ అది. స్టీరింగ్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిరగడానికి సరిపడా పొడవు, పైన కాస్త మాత్రమే దానికి ఉంటుంది. షాఫ్ట్ ఊడదీస్తే చక్రం ఎన్ని చుట్లైనా తిరిగిపోగలదు, రిబ్బన్ తెగిపోతుంది. తెగకపోయినా చక్రం ఒక చుట్టు ఎక్కువ తిరిగి ఉండగా షాఫ్ట్ బిగిస్తే, మొదటిసారి పూర్తిగా మలుపు తిప్పినప్పుడు తెగుతుంది. అందుకే ముందు చక్రాలు నిటారుగా పెట్టి, బ్యాటరీ తీసి, సీట్ బెల్టును స్టీరింగ్ చక్రంలోంచి దూర్చి బకిల్‌లో పెట్టేయండి. బెల్టును బిగుతుగా లాగి ఉంచితే చక్రం కదలదు. కింద ర్యాక్ కూడా తిరగకూడదు కాబట్టి షాఫ్ట్ బయట ఉండగా టైర్లను ముట్టుకోవద్దు.

రెండోది పించ్ బోల్ట్, అంటే జాయింటు చివరను స్ప్లైన్ మీద బిగించి పట్టే బోల్ట్. ర్యాక్ వైపు స్ప్లైన్ మీద అడ్డంగా ఒక గాడి ఉంటుంది, బోల్ట్ ఆ గాడిలోంచి వెళ్లాలి. షాఫ్ట్ పూర్తిగా కూర్చోకముందే కొన్ని డిజైన్లలో బోల్ట్ గాడిని తప్పించుకుని దూరిపోతుంది, బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. ఏదో ఒకరోజు రోడ్డు మీద జాయింటు జారి, చేతిలో స్టీరింగ్ ఉత్తినే తిరుగుతుంది. బోల్ట్ పెట్టాక జాయింటును గట్టిగా లాగి చూడటం ఎప్పుడూ మానొద్దు. బోల్ట్ కొత్తది వాడండి. చాలా కంపెనీలు దాన్ని ఒక్కసారికే అని రాస్తాయి. టార్క్ (బోల్ట్ బిగించే బలం) ఎంతన్నది కారును బట్టి మారుతుంది కాబట్టి మీ మాన్యువల్ చూడాల్సిందే, ఇంకో కారు లెక్క పనికిరాదు.

మూడోది జాయింట్ల వరస. యూనివర్సల్ జాయింటు వంగి ఉన్నప్పుడు ఒక వైపు సమానంగా తిప్పినా రెండో వైపు సమానంగా తిరగదు. 30 డిగ్రీల వంపు ఉంటే ఒకే చుట్టులో వేగం 0.87 నుంచి 1.15 రెట్ల మధ్య రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. దీన్ని రెండో జాయింటు సరిచేస్తుంది, అయితే రెండింటి మధ్య కోణం కంపెనీ పెట్టినట్టే ఉండాలి. జారే భాగాన్ని విడదీసి ఒక్క స్ప్లైన్ తేడాతో తిరిగి పెట్టినా స్టీరింగ్ ఒకచోట బరువుగా, ఒకచోట తేలిగ్గా అనిపిస్తుంది. కొన్ని షాఫ్టులు ఒక్క తీరులోనే దూరేలా చేసి ఉంటాయి, కొన్ని అలా ఉండవు. విప్పేముందు ప్రతి అతుకు మీదా పెయింటుతో గీత పెట్టుకోవడం ఇందుకే.

ఇంత తతంగం ఒక్కసారి పెట్టుకుంటే చాలదా? కొన్నాళ్లకు మళ్లీ విప్పక తప్పని పనికి దిగడం దేనికి? అందుకే నా మొగ్గు కొత్త షాఫ్ట్ వైపు, అందులోనూ ఒరిజినల్ వైపు. ఒరిజినల్ అంటే మచ్చలేనిదని కాదు. పాత లోపంతోనే తయారైన స్టాకు మీ చేతికి రావచ్చు. పార్టు నంబర్ మారిందా, పాతదాని బదులు సవరించిన నంబర్ వచ్చిందా అని కనుక్కుని కొనండి. నంబర్ మారిందంటే సాధారణంగా కంపెనీ ఏదో సరిచేసిందనే అర్థం.

బయటి కంపెనీది తీసిపారేయను. మంచి పేరున్నవాళ్లది అయితే నడుస్తుంది, పైగా కొందరు సొంతంగా జాయింట్లు మెరుగుపరుస్తారు కూడా. పెట్టె తెరిచి పాతదాని పక్కన పెట్టి చూడండి. ముడిచినప్పుడూ లాగినప్పుడూ పొడవు, స్ప్లైన్ల సంఖ్య, రెండు యోక్‌ల (జాయింటును పట్టుకునే ఫోర్కుల) మధ్య కోణం ఒకేలా ఉండాలి. జాయింటును చేత్తో వంచితే ఎక్కడా పట్టకుండా, ఎక్కడా గంట్లు పడ్డట్టు అనిపించకుండా కదలాలి. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా తిరిగి పంపేయడమే.

స్క్రాప్ షాఫ్ట్ మీద మాత్రం నాకు నమ్మకం లేదు. మీ కారంత వయసున్న కారు నుంచి వచ్చిన షాఫ్ట్ మీదానంతే అరిగి ఉంటుంది. అసలు భయం వేరే: ఆ కారు ముందు నుంచి గుద్దుకుని స్క్రాప్‌కు వచ్చిందేమో. గుద్దుకుంటే ముడుచుకోవడానికే చేసిన షాఫ్ట్ ఒకసారి ముడుచుకుని, ఎవరో దాన్ని లాగి సాగదీసి అమ్ముతుంటే పైకి కనిపించకపోవచ్చు. కారు మోడల్ ఆగిపోయి కొత్తది ఎక్కడా దొరకనప్పుడే దీని గురించి ఆలోచించండి. అప్పుడు కూడా ఏ కారు నుంచి తీశారో కళ్లతో చూడగలిగితేనే.

జాయింటు క్రాస్ (మధ్యలోని ప్లస్ ఆకారపు ముక్క) ఒక్కటే మార్చుకోవచ్చా అంటే, చాలా షాఫ్టుల్లో అవి కొట్టి బిగించినవి, మార్చడానికి చేసినవి కావు. వెల్డింగ్ చేయించి పొడవు సరిచేసుకోవడం గురించి మాట్లాడనే వద్దు.

ఇంట్లోనే చేయాలా, వర్క్‌షాప్‌కు ఇవ్వాలా అన్నది కింది బోల్టే తేలుస్తుంది. పార్టు ఆర్డర్ పెట్టకముందే కారు కిందకి దూరి, టార్క్ రెంచ్ ఆ బోల్ట్ మీద నేరుగా కూర్చుంటుందా అని చూసి రండి. కూర్చుంటే, తుప్పు మరీ లేకపోతే, నిదానంగా చేసుకునేవాళ్లకు ఇది ఇంటి పనే. రెంచ్ పట్టక "చేతి అంచనాతో" బిగించాల్సి వస్తే మానేయండి. జాయింటు ర్యాక్ స్ప్లైన్‌కు తుప్పుతో అంటుకుపోయి ఉన్నా అంతే. బోల్ట్ బిగించే చోట జాయింటుకున్న చీలికలో చిన్న వెడ్జ్ పెట్టి కొద్దిగా విప్పారిస్తే రావాలి, రాకపోతే సుత్తితో కొట్టడం మొదలుపెట్టకండి. ఆ దెబ్బలు ర్యాక్ లోపలికీ, పైన కాలమ్‌లోకీ పోతాయి. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ ఉన్న కార్లలో పని అయ్యాక స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ వార్నింగ్ లైటు వెలగవచ్చు. కొన్నింటిలో స్టీరింగ్‌ను రెండు చివరలకూ ఒకసారి తిప్పితే అది ఆరిపోతుంది, మిగతావాటికి స్కానర్ పెట్టాలి. స్కానర్ అందుబాటులో లేకపోతే, ఆ ఏర్పాటు చూసుకున్నాకే మొదటి బోల్ట్ విప్పండి.