అప్‌వర్క్ రేటింగ్ సిస్టమ్: పనిచేసేవాళ్ల వైపు నుంచి నా రివ్యూ (5కి 3)

మాది విజయనగరం, ఇంట్లోంచే తెలుగు సబ్‌టైటిల్స్, ట్రాన్స్‌లేషన్ పనులు చేస్తుంటాను. ఇంటర్నెట్‌లో ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ సైట్‌లో పని ఎలా దొరుకుద్దో చాలామంది చెప్తారు గానీ రేటింగ్ ఎలా పడుద్దో ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు, కొత్తగా చేరే మనవైపు పిల్లలు ముందు తెలుసుకోవాల్సింది అదే, అందుకే ఈ రివ్యూ మొత్తం దాని మీదే.

ముందు మంచి చెప్తాను. పని అయ్యాక క్లయింటు మనకి, మనం క్లయింటుకి 14 రోజుల్లోపు ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చు, ఇద్దరూ ఇచ్చేదాకా లేదా ఆ గడువు అయిపోయేదాకా ఒకరిది ఒకరికి కనపడదు, అంచేత నువ్వు తక్కువేస్తే నేనూ తక్కువేస్తా అనే బెదిరింపులు ఉండవు. జాబ్ సక్సెస్ స్కోర్ (మన పనులు ఎంత బాగా అయ్యాయో శాతంలో చూపించే నంబర్) కూడా 6, 12, 24 నెలలకి లెక్కేసి అందులో ఏది ఎక్కువుంటే అదే చూపిస్తారు. ఇది న్యాయంగానే ఉంది.

ఇక అసలు సంగతి. కాంట్రాక్టు మూసేటప్పుడు క్లయింటుని విడిగా ఇంకో ప్రశ్న అడుగుతారు, ఈ మనిషిని వేరేవాళ్లకి రికమండ్ చేస్తారా, 0 నుంచి 10 లోపు ఒక నంబర్ వెయ్యండి అని. ఆ నంబర్ మనకి ఎప్పటికీ చూపించరు, కానీ స్కోర్ లెక్కలో అది కలుస్తుంది. అంటే బయట 5 స్టార్లు ఇచ్చి పని చాలా బాగుందని రాసిన క్లయింటే లోపల 4 వేసి వెళ్లిపోవచ్చు, మన స్కోర్ తగ్గుద్ది, ఎవరేశారో తెలీదు, ఎందుకేశారో తెలీదు. 90 శాతం లోపుకి దిగితే టాప్ రేటెడ్ బ్యాడ్జ్ (బాగా చేసేవాళ్లకి సైట్ ఇచ్చే గుర్తు) నిలవదు, ఆ బ్యాడ్జ్ చూసే పని ఇచ్చే క్లయింట్లు ఉంటారు మరి.

మొహం మీద చెప్పలేక అందరూ 5 స్టార్లు వేసేస్తే స్టార్లకి విలువ ఉండదు, అందుకే ఈ దాపరికం అంటారు, నిజమే, క్లయింటు పేరు దాచండి, నాకేం అభ్యంతరం లేదు. కారణం ఎందుకు దాచడం? పదో తరగతి పిల్లోడికైనా మార్కులు తక్కువొస్తే రీకౌంటింగ్‌కి పెట్టుకునే దారుంది, ఈ స్కోర్ మీద ఇల్లు నడుపుకునేవాడికి ఆపాటి దారైనా ఉండొద్దేటి? ఇలాంటిదే ఇంకో సైట్ ఫైవర్ చూడండి, 2024లో 1 నుంచి 10 దాకా సక్సెస్ స్కోర్ పెట్టింది, అది కూడా పూర్తిగా విప్పి చెప్పదు గానీ కమ్యూనికేషన్‌లో వెనకబడ్డావా, క్యాన్సిలేషన్ల వల్ల దెబ్బతిన్నావా అన్నది కాస్త చూపిస్తుంది. చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చన్నమాట.

మా పిన్ని కొడుకు శ్రీకాకుళంలో లోగోలు చేస్తాడు, ఈ రెండూ కాదు, వేరే సైట్, పేరు వద్దులెండి. వాడి రేటింగ్ ఉన్నట్టుండి పడిపోయి ఆర్డర్లు ఆగిపోయాయి, సపోర్ట్‌కి రాస్తే మా సిస్టమ్ చాలా విషయాలు చూస్తుంది అని ఒక రెడీమేడ్ జవాబు, మళ్లీ రాస్తే మళ్లీ అదే. పిన్ని మందులు కూడా ఆ డబ్బుల్లోంచే కొనాలి, ఆ నెల వాడి మొహం చూడలేకపోయాం.

కర్ణాటకలో 2025లో తెచ్చిన గిగ్ వర్కర్ల (యాప్‌ల ద్వారా డెలివరీ, క్యాబ్ లాంటి పనులు చేసేవాళ్ల) చట్టంలో ఇలా సిస్టమ్ తనంతట తాను తీసుకునే నిర్ణయాల గురించి పనిచేసేవాళ్లు అడిగి తెలుసుకునే పద్ధతి ఉండాలని పెట్టారు. ఆంధ్రాలో కూడా అలాంటిది రావాలి, అందులో మాలాంటి ఫ్రీలాన్సర్లని కూడా కలపాలి.

కొత్తగా చేరేవాళ్లకి ఒక్క మాట, పని అప్పజెప్పాక కాంట్రాక్టు మూసే ముందే ఇంకేవైనా మార్పులు కావాలా, ఎక్కడైనా నచ్చలేదా అని క్లయింటుని అడిగేయండి, మూసేశాక అడిగి లాభం లేదు. ఆ మెసేజ్ కూడా వాట్సాప్‌లో వద్దు, అప్‌వర్క్ చాట్‌లోనే పెట్టండి, రేపు గొడవొస్తే చూపించడానికి ఉంటుంది.