ఘంటసాల సంతకం ఉన్న ‘భగవద్గీత’ ఎల్పీ కొంటున్నారా? డబ్బు పంపేముందు ఇది చదవండి

పాత గ్రామఫోను రికార్డులు కొనేవాళ్లకి, ముఖ్యంగా అమ్మకో నాన్నకో కానుకగా ఇద్దామని మొదటిసారి కొంటున్నవాళ్లకి ఈ మాట చెబుతున్నాను. “ఘంటసాల మాస్టారు స్వయంగా సంతకం చేసిన భగవద్గీత ఎల్పీ” (పెద్ద గ్రామఫోను ప్లేటు) అని ఎవరైనా చూపిస్తే కొనకండి. ధర సగానికి సగం తగ్గించినా కొనకండి. అలాంటి వస్తువు ఉండే వీలే లేదు. ఎందుకు లేదో నాకు 8,500 రూపాయలు పోయాక తెలిసింది.

2024 ఫిబ్రవరి 11కి మాస్టారు పోయి యాభై ఏళ్లు. ఆ జనవరి నెలంతా ఫోను తెరిస్తే ఆయన పాటలే, ఆయన ఫోటోలే. మా నాన్నకి ఆ నెలాఖరుకే డెబ్బై నిండుతున్నాయి. తమ్ముడు అటక మీది పాత టర్న్‌టేబుల్ దింపి, కొత్త సూది వేయించి, బెల్టు మార్పించి పెట్టాడు. దాని మీద మొదట మోగే ప్లేటు నేను ఇవ్వాలనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఒక అమ్మకందారు పేజీలో ఈ ప్రకటన కనబడింది: “స్వర్ణోత్సవ ప్రత్యేకం. 1974 మొదటి ముద్రణ. మాస్టారి అసలు సంతకంతో. మూడే ప్రతులు ఉన్నాయి.” ఒక మనిషి పోయిన రోజుకి స్వర్ణోత్సవం అనే మాట వాడతారా అని అప్పుడే ఆగి ఉండాల్సింది. ఆగలేదు. మూడే ప్రతులు అన్న మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది.

క్యాష్ ఆన్ డెలివరీ కుదరదన్నారు. ఇంత విలువైన వస్తువుకి ముందే మొత్తం పంపాలన్నారు. యూపీఐలో పంపేశాను. పేజీ పేరు ఒకటి, డబ్బు వెళ్లిన ఖాతా పేరు ఇంకొకటి. అదీ చూశాను, చూసి కూడా పంపాను. వారం రోజులకి పార్సెల్ వచ్చింది. పంపినవాళ్ల చిరునామా ఉండాల్సిన చోట ఒక ఊరి పేరు తప్ప ఏమీ లేదు.

అమ్మకి చెబితే మొహం మాడ్చుకుంది. “పుట్టినరోజు నాడు ఇంట్లో ఆ గీత పెడతారటే?” అంది. ఆవిడ బాధ మీకు తెలియంది కాదు. మన ఊళ్లలో ఏ ఇంటి ముందైనా మైకులో ఘంటసాల గీత వినబడితే, ఎవరు పోయారు అని అడగడం అలవాటైపోయింది. నాన్నకి ఆ పట్టింపు లేదు. బతికున్నవాడికి, అదీ చేతులాడక నిలబడిపోయినవాడికి చెప్పిన మాటలు కదా అవి, పోయినవాళ్ల దగ్గర పెట్టుకుంటే ఎవరికి ఉపయోగం అంటాడు. ఏడువందల శ్లోకాల్లోంచి నూటికి పైగా ఏరి, శ్లోకం పాడి, వెంటనే దాని తాత్పర్యం తెలుగులో మాస్టారే చదివిన తీరు ఆయనకి ప్రాణం. పాట కంటే ఆ చదివే గొంతే ఇష్టమని నాతో చాలాసార్లు అన్నాడు.

పుట్టినరోజు పొద్దున ప్యాకెట్టు విప్పాడు. అట్ట చూసి మొహం వెలిగిపోయింది. నేను ఉత్సాహంగా, “నాన్నా, కింద కుడివైపు చూడు, మాస్టారి సంతకం!” అన్నాను. కళ్లజోడు పెట్టుకుని చూశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: “ఈ ప్లేటు మాస్టారు చూడలేదమ్మా.”

అసలు విషయం అంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది. మాస్టారు గీత రికార్డింగు పూర్తిచేశారు. కానీ హెచ్.ఎం.వి. రికార్డుల కంపెనీ వేసిన ప్లేటు బజారులోకి వచ్చింది ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశాక. అప్పుడు నాన్న గుంటూరులో డిగ్రీ చదువుతున్నాడు. మాస్టారు పోయిన కబురు విన్న రోజూ గుర్తుంది, తర్వాత ఆ ప్లేటు మొదటిసారి విన్న రోజూ గుర్తుంది. ఆ రెండు రోజుల్లో ఏది ముందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు మాత్రం ఆ లెక్క తట్టలేదు. ప్రకటనలో 1974 అని ఉంది, పోయింది 1974 అని నాకూ తెలుసు, రెండూ ఒకే ఏడాది కదా అని సరిపెట్టుకున్నాను.

నాన్న ఇంకేమీ అనలేదు. ప్లేటు పెట్టించుకుని రెండు వైపులా విన్నాడు. సాయంత్రం నేను ఒంటరిగా కూర్చుని ఏడ్చాను. డబ్బు కోసం కాదు. ఆ అట్ట చూడగానే ఆయన మొహంలో వచ్చిన వెలుగు, నేను సంతకం మాట ఎత్తగానే ఆరిపోయింది.

అమ్మినవాళ్లని అడిగితే వచ్చిన జవాబు చూడండి: “1971లో మాస్టారు అమెరికా వెళ్లారు కదండీ, అప్పుడు అక్కడి అభిమానికి చేసిన సంతకం.” ఆ ఏడాది మాస్టారు అమెరికా, యూరప్ వెళ్లి కచేరీలు చేసిన మాట నిజమే. 1974లో అచ్చయిన అట్ట మీద 1971లో సంతకం ఎలా చేస్తారని అడిగాను. దానికి జవాబు లేదు. ఒక రోజు ఆగి ఇంకో బేరం పెట్టారు. ఇది వాపసు పంపితే, ఇంకో నాలుగు వేలు కలిపితే, ‘పుష్పవిలాపం’ పాత 78 ప్లేటు (నిమిషానికి 78 సార్లు తిరిగేది), “ఒరిజినల్ వినైల్”, సంతకంతో సహా ఇస్తారట. మన దేశంలో ఆ రోజుల్లో వచ్చిన 78 ప్లేట్లు వినైల్ అనే ప్లాస్టిక్‌తో కాదు, లక్కతో చేసినవి. చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది, జారితే పెంకుల్లా పగులుతాయి. పాతకాలపు 78 ప్లేటుని వినైల్ అని అమ్మేవాడికి సరుకైనా తెలియదు, లేదా మనకి తెలియదనే ధీమా అయినా ఉండాలి. ఆ మాట రాసి పంపాక నన్ను బ్లాక్ చేశారు.

బంధువుల ద్వారా, నలభై ఏళ్లుగా రికార్డులు పోగుచేస్తున్న విజయవాడ పెద్దాయన ఒకరికి ప్లేటు తీసుకెళ్లి చూపించాను. ప్లేటు అసలుదే అన్నారు. ఇదేమీ నల్లపూస కాదు, ఇంటింటికీ చేరిన ప్లేటు, వెతికితే దొరుకుతుంది అన్నారు. మొదటి ముద్రణ అన్న మాటకి ఆధారం లేదన్నారు. అట్ట మీద వేసే సంవత్సరం ఆ రికార్డింగు మొదట విడుదలైన ఏడాది. తర్వాత ఎన్నిసార్లు మళ్లీ అచ్చొత్తినా అదే సంవత్సరం ఉండిపోతుంది. ముద్రణ సంగతి కొంతైనా తెలియాలంటే పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి జాగా చూడాలి. వెలుతురులో వంచి పట్టుకుంటే అక్కడ అంకెలు, అక్షరాలు కనబడతాయి. అమ్మేవాళ్లని ఆ జాగా ఫోటో అడగమన్నారు. నిజంగా ప్లేటు తెలిసినవాడు అడగ్గానే పంపుతాడు, మోసగాడికి ఆ ఫోటో ఎందుకు అడుగుతున్నామో కూడా అర్థం కాదు అన్నారు.

సంతకం మీద భూతద్దం పెట్టి నాకు చూపించారు. అట్ట మూల పాతబడి మడత పడి, పైపొర చిట్లింది. సిరా ఆ చిట్లిన గీతలోకి దిగి పాకింది. అంటే అట్ట మడతపడి చిట్లిన తర్వాత ఎవరో కలం పెట్టారన్నమాట. తేదీల గొడవ తెలియనివాళ్లకైనా ఆ ఒక్క గీత చాలు.

ఆ తర్వాత రెండు నెలలకి హైదరాబాదు జుమ్మేరాత్ బజార్‌లో అదే ప్లేటు, కాస్త మాసిన అట్టతో, 700 రూపాయలకి చూశాను. అంటే మిగతా 7,800 నేను ఆ నకిలీ సంతకానికి ఇచ్చాను.

ఫిర్యాదు విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. వాళ్లతో మంచిగా మాట్లాడితే డబ్బు వెనక్కి వస్తుందని పంతొమ్మిది రోజులు ఎదురుచూసి, అప్పుడు 1930కి ఫోన్ చేశాను. ఆన్‌లైన్ డబ్బు మోసాలకి ఆ నంబరు. అప్పటికి ఆ ఖాతాలో సొమ్ము లేదు. మోసం అని తెలిసిన గంటలోనే చేయాలి, అప్పుడైతే డబ్బు ఇంకో ఖాతాకి దాటేలోపు ఆపే అవకాశం ఉంటుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. కానీ అక్కడ అమ్మకందారు ఎవరో, ఎక్కడుంటారో చెప్పాల్సి వచ్చింది, నా దగ్గర ఆ వివరాలే లేవు. డబ్బు పంపకముందే పూర్తి చిరునామా, బిల్లు అడగండి. ఇవ్వకపోతే ఆ ప్లేటు మీది కాదనుకోండి. పార్సెల్ విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయండి, నా దగ్గర అదీ లేకపోయింది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఇలాంటి ప్రకటనలు ఎప్పుడూ ఏదో ఒక తేదీని పట్టుకునే వస్తాయి. బాలుగారు సినిమాకి తొలి పాట పాడింది 1966 డిసెంబరు 15న, కోదండపాణిగారి సంగీతంలో. 2026 డిసెంబరు 15కి దానికి అరవై ఏళ్లు. “1966 డిసెంబరు 15న విడుదలైన బాలు తొలి రికార్డు, సంతకంతో” అని ఎవరైనా పెడితే గుర్తుపెట్టుకోండి, అది పాట రికార్డు చేసిన రోజు, ప్లేటు విడుదలైన రోజు కాదు. ఆ సినిమా, ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’, వచ్చింది 1967లో. పైగా అది ఆయన ఒక్కరే పాడిన పాట కాదు, సుశీలగారు, పి.బి. శ్రీనివాస్‌గారు, రఘురామయ్యగారు కూడా ఉన్నారు. బాలుగారు వేలమందికి సంతకాలు చేసిన మనిషి కాబట్టి నిజమైనవి ఉంటాయి. నకిలీ చేసేవాడికి బలం కూడా అదే. ఘంటసాల జయంతి డిసెంబరు 4, వర్ధంతి ఫిబ్రవరి 11. ఈ రెండూ తారుమారు చేసి రాసిన ‘సర్టిఫికెట్’ ఒకటి నా పార్సెల్‌లోనే వచ్చింది. బంగారు రంగు అంచుతో ఉన్న ఆ కాగితాన్ని నేను చదవకుండానే మురిసిపోయాను.

ప్లేటు ఇప్పుడు మామూలు తెల్ల కవరులో ఉంది, నాన్న ఆదివారాలు పెట్టుకుంటాడు. అట్ట నా దగ్గరే ఉంచాను. ఆ సంతకం దగ్గరి నుంచి తీసిన ఫోటో ఎవరు అడిగినా పంపిస్తాను. మీరు కొన్న అట్ట మీదో, ఎవరైనా అమ్ముతున్న అట్ట మీదో అదే చేతిరాత కనబడితే దయచేసి నాకు చెప్పండి. ప్రకటనలో మూడే ప్రతులన్నారు, మిగతా రెండూ ఎవరింటికి చేరాయో నాకు తెలియాలి.