ఫియట్‌తో బెజవాడలో మూడు రోజులు

గుంటూరు నుంచి విజయవాడకు 35 కిలోమీటర్లు. దానికి మూడు రోజుల సెలవు పెట్టానంటే పటమటలో ఉండే మా పిన్ని ఫోనులోనే నవ్వింది. "నన్ను చూడటానికి ఎప్పుడైనా మూడు రోజులు ఉన్నావా? కారు కోసం వస్తున్నావు!" అంది. నిజమే. 1993 నాటి ప్రీమియర్ పద్మినిని మొదటిసారి పాత కార్ల ప్రదర్శనకు తీసుకువెళుతున్నాను. ఎక్కడ కడిగించాలి, ఎక్కడ పాలిష్ పట్టించాలి, రాత్రిపూట ఎక్కడ నిలపాలి అన్నవే నా దిగుళ్లు. నేను ఎక్కడ పడుకోవాలన్నది ఆ తర్వాతి మాట.

మా ఇంట్లో దాన్ని పద్మిని అని ఎవరూ అనరు. ఫియట్ లైసెన్సుతో ముంబైలోని కుర్లాలో తయారైన బండి కనుక ఫియట్ అనే పిలుస్తాం. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు, లేత నీలం రంగు, ఏపీ 7 నంబరు. నాన్నగారు మిర్చి వ్యాపారం చేసిన రోజుల్లో యార్డుకు శాంపిల్ సంచులన్నీ ఈ డిక్కీలోనే తిరిగాయి. ఇప్పటికీ ఎండలో నిలిపి డిక్కీ తెరిస్తే ముక్కు మండుతుంది.

మొదటి తప్పు గుంటూరులోనే చేశాను. బయలుదేరే ముందురోజు ఇంటికి దగ్గరలోని ఒక వాటర్ వాష్‌కు ఇచ్చాను. ఆరు వందలు తీసుకున్నారు, నురుగు బాగానే పట్టించారు. అయితే అక్కడివి బోరు నీళ్లు. ఎండలో ఆరనిచ్చేసరికి బానెట్ నిండా సున్నపు మచ్చలు తేలాయి. పైగా టైర్లు తుడిచిన గుడ్డతోనే పిల్లవాడు తలుపులు తుడవబోయాడు. ఆ గుడ్డలో దాగిన ఇసుక రేణువు ఒక్కటి చాలు, ఎండలో సాలెగూడులా కనిపించే గీతలు పడటానికి. కడగడానికి రెండు బకెట్లు కావాలి. ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. ఇంత చిన్న సంగతిని ఆ వాష్‌లో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాను. ఫిబ్రవరి మొదటి వారం, పెదకాకాని దాటేదాకా మంచు. కాజ టోల్ దగ్గర పక్క వరుసలోని లారీ డ్రైవరు అద్దం దించి బండిని ఆసాంతం చూశాడు. "అమ్ముతారా అమ్మా?" అన్నాడు. ప్రదర్శనకు అంతకన్నా మంచి శకునం ఏముంటుంది?

బస సంగతి. గాంధీనగర్‌లో ముందుగా మాట్లాడుకున్న లాడ్జి రోజుకు 1900. గది శుభ్రంగా ఉంది, పొద్దున్నే నడిచి వెళ్లి బాబాయి హోటల్లో ఇడ్లీ తినవచ్చు. మనుషులకు మాత్రం మంచి చోటే. బండ్లు పెట్టే సెల్లారు సంగతి వేరు. దిగే వాలు నిటారుగా ఉంది, పై గొట్టం నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా కారుతున్నాయి, వాచ్‌మన్ చీపురుతో దుమ్మంతా కార్ల మీదికే ఎగరగొడుతున్నాడు. గదికి అడ్వాన్సు ఇవ్వకుండానే బయటపడ్డాను. బెంజి సర్కిల్ దగ్గరి హోటల్ అంతకు రెట్టింపు ధర. అక్కడ పార్కింగు విశాలమైన చెట్టు కింద, చెట్టు నిండా కాకులు. పక్షి రెట్ట ఎండలో గంటసేపు ఉంటే పాత పెయింటు మీద దాని ముద్ర మిగిలిపోతుంది. చివరికి పిన్ని ఇంటికే చేరాను. పోర్టికో ఉంది, మునిసిపల్ నీళ్లు ఉన్నాయి, ఆటోనగర్ కూతవేటు దూరం. లోపమల్లా వెచ్చటి బానెట్ మీద పడుకోవడానికి వచ్చే పక్కింటి పిల్లి.

జవహర్ ఆటోనగర్ 1960లలో మొదలైంది. లారీ బాడీలు కట్టేవాళ్లు, కమాన్‌పట్టీలు సరిచేసేవాళ్లు, లేతు పనివాళ్లు, పాత సామాను అంగళ్లు, అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఫియట్ వెనుక దీపం అద్దం నాలుగో అంగట్లోనే దొరికింది. అయితే అక్కడ మెరిసే బోర్డు పెట్టిన ప్రతి దుకాణమూ పాత కారుకు పనికిరాదు.

నేను వెళ్లిన మొదటి దుకాణంలో ఏసీ, సోఫా, కాఫీ. "సార్ రాలేదా అమ్మా?" అనే ప్రశ్న కూడా. పెయింటు మందం కొలిచే మీటరు తెచ్చి ఒక్కొక్క భాగం మీద పెట్టారు. బానెట్ మీద 95 మైక్రాన్లు, పైకప్పు మీద 100. ఎడమ తలుపు మీద పెట్టగానే 340! అంటే కింద పుట్టీ ఉంది, ఎప్పుడో టింకరింగ్ జరిగింది. నాన్నగారు ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత 22 వేలకు, రంగు మీద గట్టి రక్షణ పొరలా ఉండే సెరామిక్ కోటింగ్ వేయించుకోమన్నారు. సెరామిక్ చెడ్డదని అనను. కానీ కొత్త కార్లకు రంగు మీద పారదర్శకమైన పూత వేరుగా ఉంటుంది, ఆ కాలపు ఫియట్‌కు అది లేదు. పైన కనిపించేదే అసలు రంగు, అరగదీస్తే అదే పోతుంది. సరే, ముందు పాలిష్ మాత్రం చేయండి అన్నాను. కుర్రవాడు ఉన్ని ప్యాడ్ బిగించిన బఫింగ్ మిషనుతో మొదలుపెట్టాడు. పది నిమిషాలకు బానెట్ అంచున రూపాయి బిళ్లంత మేర రంగు కింద ఉండే ప్రైమర్ పూత బయటపడింది. అంచుల దగ్గర పెయింటు పలచగా ఉంటుంది, అక్కడ టేపు వేయాలి. వేయలేదు. డబ్బు తీసుకోలేదు గాని ఆ బిళ్లకు ఖరీదు కట్టేదెవరు?

రెండో చోటు రేకుల షెడ్డు. డెబ్బై దాటిన పెయింటరు, ఆయన మనవడు. పెద్దాయన మాట్లాడకుండా డిక్కీ మూత లోపలి అంచున కొంచెం పాలిష్ వేసి తెల్లగుడ్డతో రుద్దారు. గుడ్డ నీలంగా మారింది. "కంపెనీ రంగేనమ్మా. మిషను వద్దు, చెయ్యి చాలు" అన్నారు. పని రెండు రోజులు, నాలుగు వేలు. నేను పక్కనే ముక్కాలిపీట మీద కూర్చున్నాను. సున్నపు మచ్చలకు నీళ్లు కలిపిన వెనిగర్, వెంటనే మంచినీళ్లు. తారు మరకలకు కిరసనాయిలు. ఆ తర్వాత క్లే బార్. నీటిలో షాంపూ చుక్క వేసి ఆ జారుడు మీద మైనపుముద్దలాంటి దాన్ని నడిపిస్తే, కడిగినా పోని రేణువులన్నీ దానికి అంటుకుంటాయి. ప్లాస్టిక్ సంచి చేతికి తొడుక్కుని బానెట్ మీద నిమిరితే తేడా తెలుస్తుంది. ముందు గరుకు, తర్వాత గాజు. చివర పాలిష్, దాని మీద బ్రెజిల్ తాటిజాతి ఆకుల నుంచి తీసే కార్నోబా వ్యాక్స్. బిళ్లంత మచ్చను ఆయన సన్నటి కుంచెతో అద్దారు. ఆ చోటు తెలిసిన నాకు తప్ప మరొకరికి కనిపించదు.

ఇంజను దగ్గర నీళ్ల పైపు ముట్టనివ్వలేదు. కార్బురేటరుకు, డిస్ట్రిబ్యూటరుకు సంచులు కట్టి, పాత పళ్లబ్రష్షుతో జిడ్డు తీశారు.

క్రోమ్ బంపర్లు నా వంతు. రాత్రి పోర్టికోలో కూర్చుంటే పిన్ని చింతపండు తెచ్చింది. ఇత్తడి బిందెకు సరేగాని, తుప్పు చుక్కల్లో పులుపు దిగితే లోపలి ఇనుమును తింటుంది. వంటింటి అల్యూమినియం రేకును తడిపి రుద్దాను. క్రోమ్ కంటే మెత్తనిది కనుక గీత పడదు, తుప్పు పోతుంది. ఎడమ తలుపు గురించి అడిగాను. పిన్ని కాసేపు నవ్వి, "మీ నాన్న తెనాలి పెళ్లికి వెళుతూ గేదెను తప్పించబోయి మైలురాయికి కొట్టాడు. మీ అమ్మకు చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు" అంది.

ప్రదర్శన బందరు రోడ్డుకు దగ్గరి మైదానంలో. ఏర్పాట్లకు పదికి ఆరు మార్కులు వేస్తాను. మంచినీళ్లు, నీడ ఉన్నాయి. కార్లను మాత్రం ఎర్రమట్టి మీదే వరుసపెట్టారు. పదింటికల్లా అందరి చేతుల్లో గుడ్డలు. పొడిగుడ్డతో దుమ్ము తుడవకండి, గీతలు పడతాయి అని పక్క అంబాసిడర్ యజమానికి చెబితే, ఆయన తన స్ప్రే సీసా చూపించి నవ్వారు. టైర్లకు నూనె పూసినట్టు నల్లగా మెరిపించినవాళ్ల మడ్‌గార్డులన్నీ చుక్కలే.

న్యాయనిర్ణేత మెరుపు చూడలేదు. అసలు బోల్టులు, అసలు అద్దాలు, రెగ్జిన్ కుట్టు చూశారు. ఎడమ తలుపు మీద అరచేయి ఆనించి, "ఇది తర్వాతి పెయింటా?" అని అడిగారు. "అవునండి, గేదె అడ్డొచ్చింది" అన్నాను. తల ఊపి డిక్కీ తెరిచి, స్టెప్నీ కింద వేలు పెట్టి, నాలుగుసార్లు వరుసగా తుమ్మారు. వేలికి రెండు మిరప గింజలు అంటుకుని ఉన్నాయి. "గుంటూరా?" అన్నారు. బహుమతి రాలేదు. మార్కుల కాగితంలో డిక్కీ శుభ్రతకు పదికి మూడే.

తిరుగు ప్రయాణంలో కనకదుర్గ వారధి ఎక్కేసరికి చీకటి పడింది. కృష్ణ మీది పురుగులన్నీ బంపర్‌కే వచ్చి తగిలాయి. తాడేపల్లి దగ్గర ఆగి, మిగిలిన సీసా నీళ్లతో గుడ్డ తడిపి బంపర్ మీద పరిచాను. ఆరనిస్తే గట్టిపడి క్రోమ్‌ను పట్టేస్తాయి. అయిదు నిమిషాలు నానాక తుడిచి బయలుదేరాను.