హై టాట్రాస్: ఏ శిఖరం ఎవరికి, ఏ ఊళ్లో బస

కార్పేథియన్ పర్వతాలన్నిటిలోకీ ఎత్తైన భాగం హై టాట్రాస్. స్లొవేకియా, పోలండ్ సరిహద్దు వెంబడి సుమారు 26 కిలోమీటర్ల శిఖరాల వరుస, అంతే. ఆల్ప్స్ చూసొచ్చినవాళ్లు ఈ అంకెలు చూసి తేలిగ్గా తీసుకుంటారు. కానీ ఇక్కడ కష్టం ఎత్తులో లేదు, నిటారు రాతిలో ఉంది, మధ్యాహ్నానికల్లా మారిపోయే వాతావరణంలో ఉంది.

అన్నిటికన్నా ఎత్తైనది గెర్లాఖోవ్స్కీ ష్టీట్, 2,655 మీటర్లు. ష్టీట్ అంటే శిఖరం. 1838లో లుడ్విగ్ గ్రైనర్ అనే అటవీ అధికారి కొలిచి తేల్చేదాకా ఈ గౌరవం పక్క శిఖరాలకు దక్కుతుండేది. దీనిమీదికి గుర్తులు వేసిన దారి లేదు. మామూలు యాత్రికులు లైసెన్సున్న గైడుతోనే వెళ్లాలి. రాయి తడిస్తే గైడు బయల్దేరడు, అది సరైన నిర్ణయమే. అందుకే ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకుని గైడుని మాట్లాడుకోండి.

గైడు లేకుండా ఎక్కగలిగిన వాటిలో నా ఓటు రిసీకి. మూడు కొమ్ములున్న శిఖరం ఇది. 2,503 మీటర్ల మధ్య కొమ్ము స్లొవేకియాది. దాని పక్కన సరిహద్దు మీదున్న కొమ్ము పోలండ్ మొత్తానికీ ఎత్తైన చోటు. ష్ట్రబ్స్కే ప్లెసో అనే సరస్సు ఒడ్డు ఊరి (1,346 మీటర్లు) నుంచి పోప్రాద్స్కే ప్లెసో సరస్సుకు గంటంపావు, అక్కడినుంచి పైకి మూడుంపావు గంటలు. ఇక్కడి బోర్డులు కిలోమీటర్లు చెప్పవు, గంటలు చెబుతాయి. అవి కొండ అలవాటున్నవాళ్ల గంటలు. మిగతావాళ్లు మూడో వంతు కలుపుకోవాలి. కప్పల సరస్సులు దాటాక గొలుసులు, ఇనుప మెట్లు వస్తాయి. ఆగస్టులో పదింటికల్లా అక్కడ జనం ఆగిపోతారు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎదురుపడే చోటు అదే. తెల్లవారగానే బయల్దేరితే ఆ తాకిడీ తప్పుతుంది, మధ్యాహ్నపు పిడుగులూ తప్పుతాయి. ఖాటా అంటే కొండమీది బస. 2,250 మీటర్ల దగ్గరున్న ఖాటా పొద్ రిస్మికి సరుకులు మోసేది మనుషులే. కింద ఉంచిన చిన్న మూట ఒకటి మీరూ భుజాన వేసుకెళ్తే పైన వేడి టీ ఇస్తారు.

పోలండ్ వైపు నుంచి రిసీ ఎక్కడం ఇంకా కష్టం. గొలుసులు ఎక్కువ. మోర్స్కియె ఓకో సరస్సు చేరడానికే 9 కిలోమీటర్ల తారు రోడ్డు నడవాలి. జూన్‌లో కూడా ఆ వాలులో గట్టి మంచు ఉంటుంది. బూట్లకు ఇనుప పళ్లు, చేతిలో మంచు గొడ్డలి లేనివాళ్లు జారిపడేది అక్కడే.

గొలుసులంటే భయమైతే క్రివాన్ (2,495) ఉంది. స్లొవేకియా 1, 2, 5 సెంట్ల నాణేల మీది కొండ ఇదే. ట్రి స్టుద్నిచ్కి అనే చోటినుంచి దాదాపు 1,350 మీటర్లు ఎక్కాలి. చివర చేతులూ కాళ్లూ వాడి బండలెక్కాలి. దిగేటప్పుడు మోకాళ్లకు గట్టి పరీక్ష.

నడవలేని పెద్దవాళ్లు వెంట ఉంటే లోమ్నిట్స్కీ ష్టీట్ (2,634) కేబుల్ కారు. చిన్న పెట్టె, పైన ఉండనిచ్చేది 50 నిమిషాలు, టికెట్ మీద సమయం రాసి ఉంటుంది. గాలి పెరిగితే ఆపేస్తారు. మబ్బు కమ్మితే పైన తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. ధర ఎక్కువే కాబట్టి ముందు రోజు రాత్రి వాతావరణం చూసుకుని కొనడం మేలు.

బసకు స్టారీ స్మోకోవెట్స్‌నే ఎంచుకోమంటాను. పోప్రాద్, ష్ట్రబ్స్కే ప్లెసో, తాత్రాన్స్కా లోమ్నిత్సా మూడు వైపులా ఎలక్ట్రిక్ రైలు ఇక్కడినుంచే. కారు అక్కర్లేదు. పైన కొండవాలు మీదున్న హ్రెబియెనోక్‌కు తాడుతో లాగే రైలు కూడా ఈ ఊరి నుంచే. సరస్సు ఒడ్డున ఉదయం కావాలంటే ష్ట్రబ్స్కే ప్లెసో అందమైనది, కానీ గదులు ప్రియం. డబ్బు చూసుకునేవాళ్లకు కింద ఉన్న పోప్రాద్ పట్టణం చవక, రోజూ రైలు ప్రయాణం మాత్రం తప్పదు. కొండమీది ఖాటాల్లో బల్లల్లాంటి పడకలు, అందరికీ ఒకే గది. వేసవికి నెలల ముందే నిండిపోతాయి.

శాకాహారులకు గొర్రె జున్ను కలిపిన బంగాళాదుంప పిండి ఉండలు, బ్రిండ్జొవే హలుష్కి, కడుపు నింపుతుంది. పైన పంది కొవ్వు ముక్కలు చల్లి ఇస్తారు. "బెజ్ స్లనిని" అని చెబితే చల్లరు. వేయించిన జున్ను, విప్రాజనీ సిర్, దాదాపు ప్రతిచోటా దొరుకుతుంది. సూపులు మాత్రం మాంసం రసంతో కాచినవా అని అడగాలి.

టికెట్లు కొనేముందు తేదీ చూసుకోండి. స్లొవేకియా వైపు ఎత్తైన దారులు నవంబర్ 1 నుంచి జూన్ 15 దాకా మూసేస్తారు. మే నెల సెలవుల్లో వెళ్తే రిసీ, క్రివాన్ రెండూ అందవు. స్లొవేకియాలో కొండ రక్షణ దళం (ఫోన్ 18300) సాయానికి డబ్బు కట్టాలి, హెలికాప్టర్ వస్తే వేల యూరోలు. షెంజెన్ వీసా కోసం కొన్న 30,000 యూరోల ఇన్సూరెన్స్ దీనికి సరిపోతుందనుకోకండి. చాలా పాలసీలు కొండలెక్కడాన్ని సాహస క్రీడ కింద మినహాయిస్తాయి. "పర్వత రక్షణ" అనే మాట పాలసీ కాగితంలో ఉందో లేదో హైదరాబాద్‌లో ఉండగానే చదివి చూసుకోవాలి.