మూల దగ్గర మొరాయించే ఫోల్డర్: బొంత అంచుకు నాలుగేళ్ళు వాడాక

ఈ పట్టీ ఫోల్డర్ గురించి 2021లో ఎవరడిగినా "కళ్ళు మూసుకొని కొనుక్కోండి" అని చెప్పినదాన్ని నేనే. మా వాడకట్టులో ముగ్గురు నా మాట నమ్మి కొన్నారు. ఆ మొహమాటంతోనే ఇప్పుడు ఇది రాస్తున్నా.

మిషను తొక్కేవాళ్ళకు ఫోల్డర్ ఏందో చెప్పక్కర్లేదు. నత్తగుల్లలా చుట్టుకున్న ఆ రేకు నోట్లో రెండంగుళాల క్రాస్ పట్టీ (గుడ్డను ఏటవాలుగా కోసి తీసిన పట్టీ) పెడితే, రెండు పక్కలా మడిచి బొంత అంచును కరిపిస్తూ అరంగుళం గోటుగా బయటికి పంపుతుంది. నేను నల్లగొండ ప్రకాశం బజారులో కొన్నా. ధర చిన్నదే, దాని మీద పేచీ లేదు. నాది పాత కాలి మిషను.

మొదటి చలికాలం నేను దాన్ని నెత్తిన పెట్టుకున్న మాట నిజం. ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు బొంతకు చుట్టూ ఇరవై ఒక్క అడుగుల అంచు. చేత్తో అయితే మూడు మధ్యాహ్నాలు, ఆ తర్వాత రెండు రోజులు మణికట్టుకు జండూబామ్. ఫోల్డర్ పెడితే అరగంట. ఆ ఏడు ఆరు బొంతలు కుట్టి చుట్టాలకు పంచిపెట్టా. పొగడ్తలన్నీ నేనే తీసుకున్నా, రేకుకు ఒక్కటీ ఇవ్వలేదు.

కోపమంతా మూల మీదే. బారుగా పోయేటప్పుడు ఫోల్డర్ అంత బుద్ధిమంతురాలు లేదు. మూల రాగానే దానికి మలుపు తెలవదు. కుట్టు ఆపాలి, బొంతను బయటికి లాగాలి, పట్టీని చేత్తో మడవాలి, మళ్ళీ నోట్లో దూర్చాలి. ఆ దూర్చడంలోనే మడత చెదురుతుంది. నాలుగు మూలలు నాలుగు రకాలుగా వస్తాయి. ఒకటి ముద్ద, ఒకటి మూతి ముడుపు, ఒకటి చెవి. నాలుగోది బాగా వస్తే ఆ పూట మన అదృష్టం.

2023లో మా ఆడబిడ్డ కూతురి కొడుక్కి తొట్టెల, అదే ఊయలలో వేసే వేడుక. మా అత్తమ్మ తన నేత చీరలు నాలుగు తీసిచ్చింది, ముదిమనుమడికి బొంత కుట్టమని. ఉతికి ఉతికి వెన్నలా అయిన చీరలు. పొరలన్నీ వేసి, కచ్చా కుట్టు వేసి, నడుమ వరుసలన్నీ చేత్తో కుట్టి, అంచు మాత్రం తొట్టెల ముందురోజు రాత్రికి మిగుల్చుకున్నా. ఫోల్డర్ ఉంది కదా అని ధీమా.

మూడో మూల దగ్గర టక్‌మంది. చీరలవి నాలుగు పొరలు, మడత పడ్డ పట్టీవి ఇంకో ఎనిమిది. పద్నాలుగు నంబరు సూది ఏం తట్టుకుంటుంది? పైముక్క మిషనులోనే ఉంది. కొస లేదు.

పెద్దవాళ్ళ బొంత అయితే ఏమో గానీ, పసివాడి ఒంటికింద పరిచేది. నేల ఊడ్చాం. పాడైన స్పీకరులోంచి అయస్కాంతం తీసి మిషను చుట్టూ తిప్పాం, బొంతంతా తడిమాం. కనబడలేదు. "అది దొరికేదాంక ఈ బొంత గడప దాటొద్దు బిడ్డా" అన్నది అత్తమ్మ. బ్లేడు తీసుకొని వేసిన అంచంతా విప్పుకుంటూ పోయా. రాత్రి ఒంటిగంట దాటాక మూల మడతలోనే, పట్టీ లోపలి పొరలో గుచ్చుకొని దొరికింది. గోరంత కూడా లేదు.

విప్పుతుంటే ఇంకో సంగతి బయటపడింది. అడుగు పక్కన జానెడు మేర కుట్టు పట్టీని అందుకోనేలేదు. పైనుంచి చూస్తే చక్కగా ఉంది, కింద గాలికి వదిలేసింది. ఫోల్డర్ వేసినప్పుడు వెనక పక్క మనకు కనబడదు కదా. తర్వాత మెల్లగా చుట్టాలిళ్ళకు వెళ్ళినప్పుడల్లా నా మొదటేడాది బొంతల్ని తిరగేసి చూశా. ఆరింటిలో రెండు నోరు తెరిచి ఉన్నాయి. పాపం, ఎవరూ నాతో అనలేదు.

ఆ రాత్రి మూలలు అత్తమ్మే వేసింది. ఆమెకు చూపు ఆనదు, సూదిలో దారం నేనే ఎక్కించిచ్చా. మూలకు అరంగుళం ముందే కుట్టు ఆపింది. పట్టీని పైకి మడిచి, మళ్ళీ పక్క అంచు వెంట కిందికి దించింది. అక్కడ చిన్న గుడారంలా మడత లేచింది. దాన్ని వెనక్కి తిప్పితే మూలలో ఏటవాలు గీత, గీసినట్టు. అన్నీ వేళ్ళతో తడిమే.

ఒకటి మాత్రం ఫోల్డర్ తప్పు కాదు. కొత్త నూలు పట్టీ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, పాత చీర ఎప్పుడో కుంచించుకుపోయింది. అందుకే అంచు కాలిన అప్పడంలా ముడుచుకుంటుంది. ఇప్పుడు పట్టీని ముందే రాత్రంతా నానబెట్టి ఆరేస్తా. ఎర్రదైతే తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తి చూస్తా. పాలిస్టర్ పట్టీ కుంచించుకుపోదు గానీ, మెత్తటి పాత చీరను అంచు వెంటే కోసేస్తుంది. నాకు ఒక బొంత అట్లా పోయింది.

మూలలు గుండ్రంగా తీస్తే ఫోల్డర్ ఆగకుండా తిరుగుతుందని విని, అన్నం పళ్ళెం పెట్టి గీసి ఒకటి కుట్టా. నిజంగానే తిరిగింది, క్రాస్ పట్టీ సాగుతుంది కాబట్టి వంపులో చక్కగా కూచుంది కూడా. అత్తమ్మ చూసి "కొసలు లేని బొంతేందే? మడత పెడితే ఏది దేనికి కలపాలె?" అన్నది. నేను నవ్వేశా గానీ, దొంతిలో ఆ ఒక్క బొంతే ఎప్పుడూ వంకరగా ఉంటుంది.

ఇప్పుడెట్లా వాడుతున్నానంటే, మూడు పొరలు దాటని వాటికి బారు అంచులు మాత్రం ఫోల్డర్‌తో, ఇంకాస్త లావుపాటి పదహారు నంబరు సూదితో, ప్రతి మూలకు జానెడు ముందే ఆపేసి. ఆ మిగిలింది చేత్తో. ప్రతి మూర కుట్టుకు ఒకసారి తిరగేసి అడుగు చూస్తా. ఇంత చేశాక అరగంట పని గంటన్నర అవుతుంది. అయినా నా మణికట్టుకు మూడు మధ్యాహ్నాల కన్నా అదే నయం. మణికట్టు బాగున్నవాళ్ళయితే నేనేం చెప్పలేను. కరెంటు మిషను మీద, దుప్పట్ల కోసం వచ్చే ఫుట్టుతో (సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే పాదం) దీని సంగతి వేరేగా ఉంటుందేమో, నా దగ్గర అది లేదు.

నా మాట విని కొన్న ముగ్గురిలో ఒకామె పిల్లల గుడ్డలకు గోటు వేసుకుంటూ హాయిగా ఉంది. ఇంకొకామె మేకుకు తగిలించింది. మూడో ఆమె ఇంకా కవరే విప్పలేదట. విప్పేముందు పాత చీర ముక్క పట్టుకొని మా ఇంటికి రమ్మని చెప్పా.